ముత్యాల హారం నుంచి బిస్కెట్ల పెట్టె వరకు: జూలియెట్ గోర్డన్ జీవితం

సంక్రాంతి దాటిన నాటి నుంచి వేసవి ఎండలు ముదిరే వరకు అమెరికా పట్టణాలలో ఏటా ఒక దృశ్యం కనిపిస్తుంది. కిరాణా దుకాణాల వాకిళ్లలో చిన్న బల్లలు వేసుకుని ఆడపిల్లలు బిస్కెట్ల పెట్టెలు అమ్ముతుంటారు. ఆ దేశంలో బిస్కెట్టును కుకీ అంటారు. వచ్చినవారికి నమస్కరించి రుచుల పేర్లు చెప్పడం, డబ్బు లెక్కించి చిల్లర తిరిగి ఇవ్వడం, సాయంత్రానికి పుస్తకంలో జమ రాసుకోవడం అంతా ఆ పిల్లల పనే. గర్ల్ స్కౌట్స్ అనే బాలికల సంస్థకు చెందిన ఈ పిల్లలు ఒక్కొక్క సంవత్సరంలో అమ్మే పెట్టెలు దాదాపు 20 కోట్లు. బాలికల చేతుల మీదుగా ఇంతటి వ్యాపారం నడిచే చోటు ప్రపంచంలో మరొకటి చూపడం కష్టం.

ఈ బిస్కెట్ల ఆలోచన ఆ సంస్థను స్థాపించిన మహిళది కాదు. మారుమూల పట్టణంలోని కొందరు పిల్లలకు తట్టిన ఉపాయం అది. అయినప్పటికీ, ఆడపిల్లలు తమ పనులకు కావలసిన సొమ్మును తామే సంపాదించుకోవచ్చునన్న ధైర్యం ఆ సంస్థలో నాటుకోవడానికి మూలం వెదికితే ఆ మహిళ జీవితంలోనే దొరుకుతుంది. ఆమె పేరు జూలియెట్ గోర్డన్ లో. చివరి అక్షరం ఆమె అత్తింటి పేరు. పుట్టింటివారు, స్నేహితులు, దేశమంతటా ఆమెను ఎరిగినవారు డైసీ అనే పిలిచేవారు.

జూలియెట్ 1860 అక్టోబరు 31న అమెరికా దక్షిణ ప్రాంతంలోని జార్జియా రాష్ట్రంలో, సవన్నా అనే రేవు పట్టణంలో జన్మించారు. ఆరుగురు సంతానంలో ఆమె రెండవవారు. తండ్రి విలియం వాషింగ్టన్ గోర్డన్ పత్తి వ్యాపారి. తల్లి ఎలినార్ కింజీ, ఉత్తరాన షికాగో నగరంలో తొలినాళ్లలో స్థిరపడిన కుటుంబపు ఆడపడుచు. నల్లజాతివారిని బానిసలుగా ఉంచుకుని పత్తి మీద బ్రతికిన సమాజం అది. గోర్డన్ కుటుంబమూ అందుకు మినహాయింపు కాదు. జూలియెట్‌కు ఏడాది నిండకముందే అంతర్యుద్ధం వచ్చింది. తండ్రి దక్షిణ సైన్యంలో చేరగా తల్లి తరపు బంధువులు ఉత్తర సైన్యంలో నిలిచారు. ఒకే ఇంట రెండు పక్షాలన్నమాట. 1864 డిసెంబరులో ఉత్తర సేనాని షెర్మన్ సవన్నాను స్వాధీనం చేసుకున్న తరువాత తల్లి పిల్లలను వెంటబెట్టుకుని షికాగోలోని పుట్టింటికి చేరుకున్నారు. యుద్ధం ముగిశాక తండ్రి వ్యాపారాన్ని తిరిగి నిలబెట్టారు. కలిమి మళ్లీ ఇంటికి వచ్చింది.

జూలియెట్ చిన్ననాటి నుంచి పెంకితనానికీ జాలిగుండెకూ పేరుపడ్డారు. మొక్కలు, జంతువులు, బొమ్మలు గీయడం, నాటకాలు ఆడడం ఆమెకు ప్రాణం. అక్షరదోషాలు, లెక్కల తప్పులు మాత్రం జీవితాంతం ఆమెను విడువలేదు. సుమారు పదహారేళ్ల వయసులో పిన్నమ్మ, మేనత్తల పిల్లలను కూడగట్టి ఒక సంఘం పెట్టారు. ఇటలీ నుంచి వలస వచ్చిన పేద కుటుంబాల పిల్లలకు బట్టలు కుట్టి ఇవ్వడం దాని ఉద్దేశం. కుట్టుపని నేర్పే బాధ్యత డైసీది. నేర్పేవారికే కుట్టు అంతంతమాత్రం కావడంతో ఆ సంఘానికి పెట్టిన సాయపడే చేతులు అనే పేరును ఇంటివారు చేతకాని చేతులుగా మార్చి ఎగతాళి చేశారు. నవ్వుకోవలసిన సంగతే అయినా గమనించవలసినది ఒకటి ఉంది. పదిమంది ఆడపిల్లలను పోగుచేసి, చేతిపని నేర్పి, ఆ పని ఇంకొకరికి ఉపయోగపడేలా చూడాలన్న ఆలోచన ఆ వయసులోనే ఆమెకు కలిగింది. నేర్పడానికి ముందు తాను నేర్చుకోవాలన్న పాఠం కూడా అప్పుడే అంది ఉండాలి.

సంపన్నుల ఇంటి ఆడపిల్లలకు ఆ రోజులలో ఇచ్చే చదువు పెళ్లిచూపుల కోసం చెప్పించే సంగీతం వంటిది. వర్జీనియాలోని బాలికల వసతి పాఠశాలలలో, ఆ పైన న్యూయార్కులో ఫ్రెంచి అక్కచెల్లెళ్లు నడిపిన పాఠశాలలో జూలియెట్ మర్యాదలు, నాట్యం, చిత్రలేఖనం, ఫ్రెంచి భాష నేర్చుకున్నారు. సంపాదనకు పనికివచ్చే విద్య ఏదీ ఆ పట్టికలో లేదు. దాని అవసరం ఉంటుందని ఎవరూ అనుకోలేదు.

1885లో, ఇరవై ఐదవ ఏట, ఆమెకు చెవి నొప్పి వచ్చింది. అప్పట్లో కొత్తగా వినవచ్చిన సిల్వర్ నైట్రేట్ మందు వేయాలని వైద్యుని ఆమే బలవంతపెట్టారు. ఆ మందు చెవిని దెబ్బతీసింది. మరుసటి సంవత్సరం డిసెంబరు 21న సవన్నాలో విలియం మకే లోతో వివాహం జరిగింది. అది ఆమె తల్లిదండ్రుల పెళ్లిరోజు కూడా. మన పెళ్లిళ్లలో అక్షింతలు చల్లినట్లే అక్కడివారు నూతన దంపతులపై బియ్యం చల్లుతారు. ఆ బియ్యపు గింజ ఒకటి వెళ్లి జూలియెట్ బాగున్న చెవిలో ఇరుక్కుంది. దానిని తీయించుకునే ప్రయత్నంలో చీము పట్టి ఆ చెవి పూర్తిగా పోయింది. దీవెనగా చల్లిన గింజ వినికిడిని తీసుకుపోయింది. మిగిలిన జీవితమంతా ఆమె దాదాపు చెవిటితనంతోనే గడిపారు.

భర్త విలియం లో, పత్తి వ్యాపారంలో కోట్లు గడించిన తండ్రికి ఏకైక కుమారుడు. దంపతులు ఇంగ్లండులో వార్విక్‌షైర్ ప్రాంతంలోని వెల్స్‌బర్న్ గ్రామంలో పెద్ద భవనం కొని కాపురం పెట్టారు. వేటలు, గుర్రపు పందేలు, రాజకుటుంబంతో విందులు సాగాయి. సంతానం కలుగలేదు. భర్త మద్యానికీ జూదానికీ అలవాటుపడి క్రమంగా ఇంటికి దూరమయ్యాడు. ఆ పెద్ద ఇంట్లో ఒంటరితనాన్ని జూలియెట్ చేతిపనితో భరించారు. చెక్కపై నగిషీలు చెక్కడం నేర్చుకున్నారు. కొలిమిలో ఇనుము కాల్చి సాగగొట్టడం నేర్చుకుని, తమ భవనానికి ఇనుప గేట్లను తానే తయారుచేశారు. దొరసానులు సూది కూడా పనిమనుషుల చేత అందుకునే కాలంలో సుత్తి పట్టిన చేయి అది. 1898లో అమెరికాకూ స్పెయిన్‌కూ యుద్ధం వచ్చినప్పుడు మయామీలో గాయపడిన, జబ్బుపడిన సైనికుల కోసం తల్లి నడిపిన ఆసుపత్రిలో ఆమె పనిచేశారు.

కొంతకాలానికి భర్త మరొక స్త్రీని ఇంటికే తీసుకువచ్చాడు. జూలియెట్ బయటికి వచ్చి విడాకుల కోసం వ్యవహారం మొదలుపెట్టారు. అది తేలకముందే 1905 జూన్‌లో అతడు మరణించాడు. వీలునామా తెరిచి చూస్తే ఆస్తిలో అధికభాగం ఆ స్త్రీకి రాసి ఉంది. కట్టుకున్న భార్యకు ఇవ్వదలచిన భత్యం సైతం ఆ స్త్రీ చేతి మీదుగా అందుకోవలసిన ఏర్పాటు. భర్త అక్కచెల్లెళ్లు ఆ వీలునామాను సవాలు చేయగా జూలియెట్ వారితో నిలిచారు. చివరకు రాజీ కుదిరి కొంత ధనం, సవన్నాలోని లో వంశపు ఇల్లు ఆమెకు దక్కాయి. అప్పటికి ఆమెకు నలభై ఐదేళ్లు. పుట్టింట తండ్రి కలిమి మీద, మెట్టినింట భర్త కలిమి మీద బ్రతికిన మహిళ, తన తిండికి తానే వకీళ్ల చుట్టూ తిరగవలసి వచ్చింది. ఆ తరువాతి కాలంలో ఆమె బాలికల కోసం చేసిన ప్రతి పనిలోనూ ఈ అనుభవపు నీడ కనిపిస్తుందని చెప్పడం అతిశయోక్తి కాదు.

ఆ వెనుకటి ఆరేళ్లు ఆమె దేశాలు తిరిగారు, శిల్పకళ నేర్చుకున్నారు. ఏ పనీ మనసు నిలుపలేదు. 1911లో ఇంగ్లండులో రాబర్ట్ బేడెన్ పోవెల్‌తో పరిచయం కలిగింది. భారతదేశంలో సైనికోద్యోగం చేసి, దక్షిణాఫ్రికా యుద్ధంలో పేరుపొందిన ఈ అధికారి బాలుర కోసం స్కౌటు ఉద్యమాన్ని ప్రారంభించాడు. 1909లో లండన్‌లోని క్రిస్టల్ ప్యాలెస్ వద్ద స్కౌటుల మహాసభ జరిగినప్పుడు, ఎవరూ పిలవకుండానే కొందరు ఆడపిల్లలు కూడా టోపీలు పెట్టుకుని వచ్చి తామూ స్కౌటులమేనని నిలుచున్నారు. వారి కోసం 1910లో గర్ల్ గైడ్స్ సంస్థ ఏర్పడింది. బేడెన్ పోవెల్ సోదరి ఆగ్నెస్ దానికి పెద్దదిక్కయ్యారు. జూలియెట్ వెదుకుతున్నది ఈ పనేనని ఆమెకు అప్పుడు అర్థమైంది.

ఆ ఏడాది వేసవిలో ఆమె స్కాట్లండు కొండలలోని గ్లెన్ లయన్ లోయలో బస చేశారు. అక్కడే మొదటి దళం ఏర్పడింది. చేరినవారు ఏడుగురే. అందరూ పేద రైతుల పిల్లలు. మైళ్ల కొద్దీ నడిచి వచ్చేవారు. ముడులు వేయడం, పటం చదవడం, వంట, ప్రథమ చికిత్స వంటి గైడు పాఠాలు సరే. జూలియెట్ అక్కడితో ఆగలేదు. ఆ లోయలో బ్రతుకుతెరువు లేక ఆడపిల్లలు దూరపు పట్టణాలకు కూలికి పోవడం ఆమె చూశారు. గొర్రెల ఉన్ని కళ్లెదుట ఉంది. వడకడం తెలిస్తే అది నూలవుతుంది, కొనేవారుంటే నూలు డబ్బవుతుంది. ఆమె ముందు తాను వడకడం నేర్చుకుని ఆ పిల్లలకు నేర్పించారు. ఆ నూలుకు లండన్‌లో గిరాకీ చూపించారు. కోళ్లు పెంచడం నేర్పించారు. ఊరు విడువకుండా నాలుగు కాసులు కళ్లజూసే దారి అది. తరువాతి కాలంలో దేశమంతటా వ్యాపించిన బిస్కెట్ల అమ్మకానికి అసలైన పూర్వరూపం ఈ లోయలోని ఉన్ని నూలులోనే ఉంది. సంస్థ చరిత్ర చెప్పేవారు ముత్యాల హారం కథను చెప్పినంత మక్కువగా ఈ సంగతిని చెప్పకపోవడం విచిత్రం.

1912 జనవరిలో జూలియెట్ ఓడలో అమెరికాకు బయలుదేరారు. అదే ఓడలో బేడెన్ పోవెల్ కూడా ఉన్నాడు. ఆ ప్రయాణంలోనే అతనికి ఒలేవ్ సోమ్స్ అనే యువతి పరిచయమైంది. ఆ ఏడాదే భార్య అయిన ఆమె తదనంతరం ప్రపంచ గైడుల నాయకురాలయ్యారు. సవన్నా చేరిన జూలియెట్ బాలికల పాఠశాల నడిపే దూరపు బంధువు నీనా పేప్‌కు టెలిఫోను చేసి, సవన్నా బాలికలకూ అమెరికా బాలికలకూ ప్రపంచ బాలికలకూ పనికివచ్చేది ఒకటి తెచ్చాననీ, ఆ రాత్రికే మొదలుపెట్టాలనీ చెప్పారట. 1912 మార్చి 12న పద్దెనిమిది మంది బాలికల పేర్లు నమోదయ్యాయి. మొదటి పేరు ఆమె మేనకోడలు మార్గరెట్‌ది. రాజీలో దక్కిన ఆ ఇంటి వెనుకనున్న బండ్ల కొట్టమే సంఘానికి సమావేశ మందిరమైంది. మరణించిన భర్త ఆస్తి ఈ విధంగా ఆడపిల్లల పాలయింది.

ఇంటి ఎదుటి ఖాళీ స్థలంలో బాలికలు బాస్కెట్‌బాల్ ఆడేవారు. ఆటకు అనువుగా వేసుకున్న వదులు లాగులు దారినపోయేవారి కంట పడకూడదని చుట్టూ గుడ్డ తెరలు కట్టవలసి వచ్చింది. ఆడపిల్ల పరుగెత్తడం కూడా తెరచాటున జరగవలసిన కాలంలో ఆ పిల్లలు అడవిలో గుడారాలు వేసుకున్నారు, నక్షత్రాలు గుర్తుపట్టడం నేర్చుకున్నారు, గాయాలకు కట్లు కట్టారు. 1913లో సంస్థ పేరు గర్ల్ స్కౌట్స్‌గా మారింది. వాషింగ్టన్‌లో ప్రధాన కార్యాలయం తెరిచారు. స్కౌటు అన్న మాట మగపిల్లల సొత్తని, దానిని వదులుకోవాలని బాలుర స్కౌటు సంస్థ పెద్దలు పట్టుబట్టారు. జూలియెట్ వదలలేదు.

సంస్థ పెరుగుతున్నకొద్దీ ఖర్చు పెరిగింది. కార్యాలయపు అద్దె, పుస్తకాల అచ్చుకూలి, ఏకరూప దుస్తులు, ఊరూరా తిరిగే ప్రయాణపు ఖర్చులు, అన్నీ ఆమె సొంత సంచి నుంచే. ఆ సంచికీ అడుగు ఉంది. ఒక దశలో తన విలువైన ముత్యాల హారాన్ని ఎనిమిది వేల డాలర్లకు అమ్మి ఆ సొమ్మును సంస్థకు పెట్టారు. ఆ రోజులలో అది పెద్ద మొత్తం. ఆడదానికి కష్టకాలంలో అక్కరకు వచ్చేది ఒంటి మీది బంగారమేనన్న సంగతి తెలుగు ఇళ్లలో ఎవరికీ చెప్పనవసరం లేదు. జూలియెట్ తన కష్టకాలానికి కాక పరాయి పిల్లల కోసం దానిని విడిచిపెట్టారు.

చందాలు పోగుచేయడంలో ఆమె ఉపాయాలు కథలుగా చెప్పుకునేవారు. విందులకు వెళ్లేటప్పుడు టోపీకి పూలకు బదులు క్యారెట్లు, కొత్తిమీర వంటి ఆకుకూర కట్టుకుని వెళ్లేవారు. అవి వాడి వేలాడుతుంటే, ఉన్నదంతా బాలికలకు పెట్టడం వల్ల టోపీ అలంకరించుకోవడానికి డబ్బు లేకపోయిందని దిగులు ముఖం పెట్టేవారు. ఎవరినైనా సంఘం పనికి పిలిచినప్పుడు వారు వల్ల కాదంటే, ఆ మాట చెవికి ఎక్కనట్లు నటించి, మొదటి సమావేశం ఏ రోజో చెప్పి వెళ్లిపోయేవారు. ఏ లోపం ఆమెను జీవితాంతం బాధించిందో దానినే పనిముట్టుగా మలచుకున్నారు. ఒకసారి కార్యవర్గ సమావేశంలో సంస్థ కొత్త బూట్లను అందరికీ చూపడానికి తలకిందులుగా నిలుచున్నారని ప్రసిద్ధి.

అయితే ఒక వ్యక్తి నగలతో, చమత్కారంతో దేశవ్యాప్త సంస్థ ఎంతకాలం నడుస్తుంది? ఈ ప్రశ్నకు జవాబు కార్యాలయం నుంచి రాలేదు. ఓక్లహోమా రాష్ట్రంలో మస్కోగీ అనే చిన్న పట్టణముంది. 1917 డిసెంబరులో అక్కడి మిసిల్‌టో దళం బాలికలు ఇళ్లలోని పొయ్యిల మీద బిస్కెట్లు చేసి, ఉన్నత పాఠశాల భోజనశాలలో అమ్మారు. తమ సేవాకార్యక్రమానికి సొమ్ము కూడబెట్టుకోవడమే ఉద్దేశం. గర్ల్ స్కౌటుల బిస్కెట్ల అమ్మకాలకు దొరికే తొలి ఆధారం ఇదే. ఆ ఏడాది ఏప్రిల్‌లోనే అమెరికా మొదటి ప్రపంచయుద్ధంలో దిగింది. దేశమంతటా స్కౌటు బాలికలు కూరగాయల తోటలు వేశారు, యుద్ధ రుణపత్రాలు అమ్మారు, ఆహారం పొదుపు చేసే పద్ధతులు ఇరుగుపొరుగుకు నేర్పారు. పరాయి గుమ్మం ముందు నిలబడి మాట్లాడడం, లెక్క అప్పజెప్పడం ఈ పనులలో వారికి అలవడింది.

1922 జూలైలో సంస్థ మాసపత్రికలో షికాగోకు చెందిన స్థానిక సంచాలకురాలు ఫ్లారెన్స్ నీల్ రాసిన వ్యాసం వెలువడింది. అక్కడి మండలిలోని రెండువేల మంది బాలికలకు తాము ఇచ్చిన బిస్కెట్ల తయారీ విధానం అందులో ఉంది. కప్పు వెన్న, కప్పు పంచదార, రెండు గుడ్లు, రెండు పెద్ద చెంచాల పాలు, రెండు కప్పుల పిండి, కొద్దిగా ఉప్పు, వెనిల్లా, పొంగడానికి బేకింగ్ పౌడరు. ముద్దను గంటసేపు చల్లబరచి, వత్తి, మూడు రేకుల ఆకు ఆకారంలో కోసి, పైన పంచదార చల్లి కాల్చాలి. మూడు రేకుల ఆకు సంస్థ చిహ్నం. అయితే ఆ వ్యాసంలో విలువైనది వంట కంటే లెక్క. ఆరేడు డజన్ల బిస్కెట్లకు సరుకుల ఖర్చు 26 నుంచి 36 సెంట్లు. డజను 25 లేక 30 సెంట్లకు అమ్మవచ్చు. పన్నెండేళ్ల పిల్ల కాగితం మీద వేసుకున్నా, ఒక్క వాయికి ఖర్చులు పోను డాలరుకు పైగా మిగులుతుందని తేలిపోతుంది. పెట్టుబడి, ధర, మిగులు అనే మూడు మాటలు పాఠ్యపుస్తకంలో కాక పిండి ముద్దలో నేర్చుకోవడమన్నమాట.

ఆ తరువాత పిల్లలు, తల్లుల సలహాతో, ఇళ్లలో బిస్కెట్లు చేసి, మైనపు కాగితపు సంచులలో పెట్టి, అంటింపు కాగితంతో మూసి ఇంటింటికీ తిరిగి అమ్మసాగారు. జూలియెట్ అప్పటికి అధ్యక్ష పదవిని వదులుకున్నారు. 1920లో పక్కకు తప్పుకుని సంస్థాపకురాలన్న గౌరవంతో మిగిలారు. సంస్థ ఆమె చేతులను దాటి పెరిగింది. లెక్కాడొక్కా, నియమనిబంధనలు తెలిసిన కొత్త తరం పగ్గాలు పట్టింది. తరువాత అమెరికా అధ్యక్షుని భార్య అయిన లూ హెన్రీ హూవర్ 1922లో సంస్థ అధ్యక్షురాలయ్యారు. తన కోపతాపాలతో, మతిమరుపుతో, అప్పటికప్పుడు చేసే ఏర్పాట్లతో జూలియెట్ సహచరులను విసిగించిన మాట నిజమే. సకాలంలో పగ్గం విడవడం ఆమె చేసిన మంచి పనులలో ఒకటి.

ఆమె ఉద్యమానికి ఉన్న పెద్ద లోటును కూడా చెప్పాలి. తొలి రోజులలోనే సవన్నాలోని యూదు బాలికలకు, తరువాత అంగవైకల్యం గల బాలికలకు చోటు దొరికింది. నల్లజాతి బాలికల విషయంలో మాత్రం నిర్ణయాన్ని స్థానిక మండలులకు వదిలివేశారు. దక్షిణ రాష్ట్రాలలో దీని ఫలితం ఊహించదగినదే. ఆ తలుపులు చాలాకాలం మూసే ఉన్నాయి. ప్రపంచ బాలికలందరికీ అన్న మాటకూ ఆచరణకూ నడుమ అంత దూరం ఉండిపోయింది.

1923లో ఆమెకు రొమ్ము క్యాన్సరు ఉన్నట్లు తేలింది. ఆ సంగతిని దాదాపు అందరి దగ్గరా దాచి పని కొనసాగించారు. అంతర్జాతీయ గైడుల మహాసభను అమెరికాలో జరిపించాలన్నది ఆమె కోరిక. ఏర్పాట్లకు మరికొంత వ్యవధి కావాలన్నవారికి తన దగ్గర వ్యవధి లేదన్న సంగతి చెప్పకుండానే ఒప్పించారు. 1926 మేలో న్యూయార్కు రాష్ట్రంలోని ఎడిత్ మేసీ శిబిరంలో ఆ సభ జరిగింది. ఫిబ్రవరి 22ను ఏటా ప్రపంచ చింతన దినంగా పాటించాలన్న నిర్ణయం అక్కడే జరిగింది. పాఠశాలలలో గైడు దుస్తులు వేసుకునే పిల్లలకు ఆ తేదీ నేటికీ తెలుసు.

1927 జనవరి 17న సవన్నాలో జూలియెట్ కన్నుమూశారు. ఆమె కోరిక ప్రకారం స్కౌటు దుస్తులతోనే ఖననం చేశారు. సంస్థలో ఆమె మొదటి స్కౌటు మాత్రమే కాదు, అందరిలో ఉత్తమ స్కౌటు అని సహచరులు పంపిన తంతివార్తను ఆమె జేబులో ఉంచారు. పద్దెనిమిది మందితో మొదలైన సంస్థలో అప్పటికి సభ్యులు లక్షా అరవై ఎనిమిది వేలు.

బిస్కెట్ల కథ ఆమె తరువాత వేరే మలుపు తీసుకుంది. 1933లో ఫిలడెల్ఫియా బాలికలు నగరంలోని గ్యాస్, విద్యుత్ సంస్థ కార్యాలయపు అద్దాల కిటికీలలో, దారినపోయేవారు చూస్తుండగా బిస్కెట్లు కాల్చి, 44 బిస్కెట్ల పెట్టెను 23 సెంట్లకు అమ్మారు. గిరాకీ పొయ్యిలకు మించిపోయింది. 1934లో అదే నగరపు మండలి బేకరీ కర్మాగారంలో చేయించిన బిస్కెట్లు అమ్మింది. 1936లో జాతీయ సంస్థ బేకరీలకు అనుమతిపత్రాలు ఇచ్చే పద్ధతి పెట్టింది. రెండవ ప్రపంచయుద్ధంలో పిండి, పంచదార, వెన్న కరువైనప్పుడు 1944లో బిస్కెట్లకు బదులు క్యాలెండర్లు అమ్మారు. ఇప్పుడు రెండే బేకరీ సంస్థలు ఈ బిస్కెట్లు తయారుచేస్తున్నాయి. 2014 చివర నుంచి ఇంటర్నెట్ ద్వారా కూడా పిల్లలు అమ్ముతున్నారు. లక్ష్యం పెట్టుకోవడం, నిర్ణయం తీసుకోవడం, డబ్బు నిర్వహణ, మనుషులతో మెలగడం, వ్యాపారంలో నీతి అన్న ఐదు నైపుణ్యాలను ఈ అమ్మకం ద్వారా నేర్పుతున్నట్లు సంస్థ చెబుతుంది.

పిండి కలిపే పని కర్మాగారానికి పోవడంతో పిల్లలకు అమ్మకం ఒక్కటే మిగిలింది. అందులోనూ కొందరు తల్లిదండ్రులు పిల్లల జాబితాను తమ కార్యాలయాలకు పట్టుకుపోయి తామే అమ్మిపెడుతుంటారు. అక్కడ నేర్చుకున్నది ఎవరో చెప్పనక్కరలేదు. పెట్టె ధరలో దళానికి దక్కేది చిన్న భాగమే. మిగిలినది తయారీ ఖర్చుకూ ప్రాంతీయ మండలికీ పోతుంది. ఏ పిల్లకూ విడిగా సొమ్ము చేతికి రాదు. దళానికి వచ్చిన వాటాతో శిబిరానికి వెళ్లాలా, ప్రయాణం చేయాలా, ఎవరికైనా సాయం చేయాలా అన్నది మాత్రం ఆ పిల్లలే కూర్చుని తేల్చుకుంటారు. సంపాదించడం కంటే ఇది కష్టమైన పాఠం.

జూలియెట్ జన్మించిన ఇంటిని సంస్థ 1953లో కొని ప్రదర్శనశాలగా తీర్చిదిద్దింది. 2012లో అమెరికా ప్రభుత్వం ఆమెకు మరణానంతరం అధ్యక్ష స్వాతంత్ర్య పతకాన్ని ప్రకటించింది. 2025లో ఆమె రూపంతో 25 సెంట్ల నాణెం వెలువడింది. 1922 నాటి లెక్క ప్రకారం డజను బిస్కెట్ల వెల అది.

భారతదేశంలో గైడు ఉద్యమం 1911లోనే జబల్‌పూరులో అడుగుపెట్టింది. మొదట ఐరోపా కుటుంబాల బాలికలకే పరిమితమైన ఆ దళాలలో 1916 నుంచి భారతీయ బాలికలు చేరారు. స్వాతంత్ర్యం తరువాత 1950లో భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ సంస్థ ఏర్పడగా, 1951 ఆగస్టు 15న గైడుల సంఘం అందులో కలిసింది. మహారాష్ట్రలోని పుణెలో 1966లో ప్రారంభమైన సంగం, ప్రపంచ గైడుల సంఘం నడిపే అంతర్జాతీయ కేంద్రాలలో ఒకటి. జూలియెట్ మరణించిన ఏడాదే ఆమె పేరిట ఏర్పడిన స్నేహనిధి బాలికల అంతర్జాతీయ ప్రయాణాలకు నేటికీ తోడ్పడుతున్నది. ఇక్కడి స్కౌట్స్, గైడ్స్ దళాలలో బిస్కెట్ల అమ్మకం వంటి సంప్రదాయం నిలదొక్కుకోలేదు కాని ఖరీ కమాయి అనే కార్యక్రమం ఉంది. నికార్సయిన సంపాదన అని ఆ హిందీ మాటకు అర్థం. పిల్లలు చుట్టుపక్కల ఇళ్లలో, అంగళ్లలో చిన్న చిన్న పనులు చేసి, ఇచ్చినది పుచ్చుకుని, తెచ్చి దళం నిధిలో జమ కడతారు.